చెలక మన్నులో గుగ్గిలం

చిన్నాయన, చిన్నమ్మ వస్తున్నామని ఫోన్ చేస్తే చాలు, నేను మొట్టమొదట చేసే పని బాల్కనీలో ఉన్న మట్టికుండీని ఈడ్చుకెళ్లి వాషింగ్ మెషీన్ వెనక పెట్టడం. ఇల్లు ఊడవడం, బియ్యం కడగడం అన్నీ దాని తరవాతే. ఆ కుండీలో ఉన్నది గంజాయేం కాదు. ముళ్లూ వంకర కొమ్మలూ ఉన్న ఒక గుగ్గిలం మొక్క, అంతే. అయినా దాన్ని దాస్తున్నంతసేపూ దొంగసొమ్ము దాస్తున్నట్టే ఉంటుంది నాకు. మనసు మనసులో ఉండదు.

నా ఉద్యోగం మట్టి పరీక్ష. సూరత్ చుట్టుపక్కల ఎవరైనా తోట పెట్టాలనుకుంటే ఆ నేల, ఆ వాన, ఆ గాలి ఆ చెట్టుకు సరిపోతాయో లేదో చూసి చెప్పాలి. ఈ మధ్య జనానికి బంక కారే చెట్ల పిచ్చి పట్టుకుంది. ఒకరు అగరు అంటారు, ఇంకొకరు గుగ్గిలం అంటారు. ఫోనులో ఎవడో చెట్టుకు గాటు పెట్టి, పసుప్పచ్చగా ఊరే బంకను చూపిస్తాడు. మర్నాడు ఒకాయన సంచిలో మన్ను పట్టుకొని మా ల్యాబు గుమ్మంలో ఉంటాడు. వద్దని చెప్పడం నాకు అలవాటే. నాన్చను, ముఖం మీదే చెప్పేస్తాను. మేడమ్ నోరు చేదని నా వెనక అనుకుంటారట. అనుకోనీ.

చిన్నాయన అంటే మా నాన్న తమ్ముడు. నాన్న నా చిన్నతనంలోనే పోతే నన్ను పెంచింది ఆయనే. వాళ్లకు పిల్లల్లేరు. మరమగ్గాలను మావాళ్లు సాంచాలంటారు. ఆ సాంచాలు నడపడానికి తెలంగాణ నుంచి వచ్చి సూరత్ శివారు డిండోలిలో ఒక గదిలో కాపురం పెట్టాడు, ఇప్పటికీ అదే గది. ఊళ్లో మాకు ఒక చెలక ఉండేది. గుట్ట పక్కన, వాలుగా, రాళ్లతో నిండిన ఎర్రనేల. నాకు అగ్రికల్చర్ కాలేజీలో సీటు వచ్చిన ఏడు చిన్నాయన దాన్ని అమ్మేశాడు. చిన్నమ్మ వద్దని ఏడ్చింది, అన్నం మానేసింది. అయినా అమ్మాడు. అప్పట్నుంచి ఆ ఇంట్లో ఏ మాట పెరిగినా చివరికి అక్కడికే వచ్చి ఆగుతుంది. కూరలో ఉప్పు ఎక్కువైందని ఆయన అంటే, "చెలక అమ్ముకున్నోనికి నోరు మస్తు లేస్తది" అని ఆమె అంటుంది. నేను అక్కడే కూర్చుని, ఎవరి గురించో వింటున్నట్టు అన్నం తింటుండేదాన్ని.

సాంచాల మోతకు చిన్నాయన చెవులు సగం పోయాయి. నూలు ధూళికి దగ్గు పట్టుకుంది. రోజంతా నిలబడి సాయంత్రానికి కాళ్లు వాచి చెప్పుల్లో పట్టవు. ఏళ్ల తరబడి కూడబెట్టి సూరత్ దగ్గర కిమ్ అనే ఊరు దాటాక కాస్త భూమి కొన్నాడు. దాంట్లో గుగ్గిలం తోట పెట్టి సాంచాలు వదిలేస్తానని ఆయన పంతం. కార్ఖానాలో ప్రతి శుక్రవారం సేట్ ఆ ధూపమే వేయిస్తాడు. ఆ పొగలో నిలబడి నిలబడి ఆయనకా ఆలోచన వచ్చిందేమో.

"నువ్వు సరే అన్న దినమే సేట్‌కు చెప్పేస్త, ఇగ రానని," అన్నాడు. చెవులు సరిగ్గా వినపడవు కనక చిన్నాయన ఏ మాటైనా అరిచే చెప్తాడు. ఆ మాట మా అపార్ట్‌మెంట్ మొత్తం విని ఉంటుంది.

నేను మట్టి సాంపిల్ తెమ్మంటే, ఒక ఆదివారం పర్వత్ పాటియాలోని మా ఇంటికి వచ్చి, పాత చీరముక్కలో కట్టిన మూట బల్ల మీద పెట్టాడు. విప్పి చూస్తే మన్ను. రాయి లేదు, వేరు లేదు, గడ్డ లేదు. గోధుమపిండిలా మెత్తగా ఉంది. పైగా ఎర్రటి ఛాయ.

"ఇది కిమ్ మన్నేనా చిన్నాయనా?"

"మన భూమిదే బిడ్డా. వానకాలంల ఒక గుగ్గిలం మొక్క పెట్టిన గద, ఆ జాగల తీసిన. దంచి, ఎండవెట్టి తెచ్చిన. మీ చిన్నమ్మ జల్లెడ వట్టింది."

"మరి ఎర్రగా ఎందుకుంది?"

"ఊరి మన్ను కలిపిన గద. మనోళ్లు ఏడికి పోయినా, ఇల్లు కట్టినా చెట్టు పెట్టినా, పిడికెడు ఊరి మన్ను ఏస్తరు గద."

"పిడికెడేనా?"

"సంచెడు," అన్నాడు. "ఎండకాలంల ఊరికి పోయినోళ్లతోటి మన చెలక గట్టుకెళ్లి తెప్పిచ్చిన."

నాకు ఒళ్లూ మండింది, నవ్వూ వచ్చింది. మట్టి నమూనా అంటే పొలంలో నాలుగు మూలలా తవ్వి, మంచీ చెడూ కలిపి, ఉన్నదున్నట్టు తేవాలి. ఆయన జీవితమంతా బట్టల మార్కెట్ నీడలో బతికాడు. అక్కడ నమూనా అంటే తానులోకెల్లా మంచి ముక్క. డాగు లేకుండా, పోగు తెగకుండా, ఇస్త్రీ చేసి మరీ చూపిస్తారు. ఆయన నన్ను మోసం చేయాలనుకోలేదు. సాంపిల్ అనగానే మర్యాదగా సాంపిల్ తెచ్చాడు.

"చిన్నాయనా, నేను మాల్ కొనే వ్యాపారిని కాదు. డాగు ఎక్కడుందో చూసేదాన్ని."

"డాగు పడ్డ ముక్క ఎవలన్న చూపిస్తరా?" అని ఆశ్చర్యపోయాడు. తర్వాత తనే నవ్వి, "అయితే నువ్వే రా. దీపావళికి కార్ఖానా బంద్ ఉంటది. గుంట తీసి పెడ్త," అన్నాడు.

దీపావళి సెలవుల్లో ముగ్గురం లోకల్ రైలెక్కి కిమ్‌లో దిగి, అక్కణ్నుంచి షేర్ ఆటోలో వెళ్లాం. చిన్నమ్మ రొట్టెల మూట ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. చిన్నాయన దారి పొడుగునా తోట గురించే చెప్తున్నాడు. ఏ మూల గుడిసె వెయ్యాలో, బంక గీరడానికి ఎలాంటి కత్తి కావాలో అన్నీ అయిపోయాయి ఆయన మనసులో. ఆటోలో పక్కన కూర్చున్న గుజరాతీ ముసలాయనకు కూడా, "హమారా బేటీ మట్టీ కా డాక్టర్," అని నన్ను చూపించాడు. దారిలో రెండు వైపులా చెరుకు. చెరుకంటే నీళ్లు. నేను ఆటోలోంచి కాలువ గట్లు లెక్కపెట్టకుండా ఉండాలని ప్రయత్నించాను.

పొలంలో అడుగు పెట్టగానే సగం తెలిసిపోయింది. నల్ల రేగడి. కంచె ముళ్లకు మోకాలెత్తున ఎండిన గడ్డి చుట్టుకొని ఉంది. వానాకాలంలో నీళ్లు అంతవరకు నిలిచాయన్నమాట. చిన్నాయన తవ్విన గుంట మాత్రం చూడముచ్చటగా ఉంది. మా తాత గుంటమగ్గం కోసం తవ్వినట్టు, నాలుగు అంచులూ తీర్చినట్టు తవ్వాడు. నేను దాంట్లో దిగి గోడల్ని గీకి చూశాను. అడుగున మట్టి ఇంకా తడిగా, జిగురుగా ఉంది. వేళ్ల మధ్య ఒత్తితే రిబ్బనులా పొడుగ్గా సాగింది. గడ్డ విరిస్తే లోపల నున్నగా మెరిసే ముఖాలు, వాటి మీద తుప్పు చుక్కలు. నీళ్లు నిలిచి చెట్ల వేళ్లకు ఊపిరాడని నేలలో కనిపించేవే అవన్నీ.

ఆయన పెట్టిన గుగ్గిలం మొక్క గుంటకు కాస్త దూరంలో ఉంది. ఆకులు పండిపోయాయి. మొదలు దగ్గర వేలు పెట్టి తవ్వితే చెలక మన్నులో నీళ్లు ఊరాయి. చుట్టూ రేగడి, మధ్యలో సంచెడు ఎర్రమన్ను. వాననీరంతా ఆ ఎర్రమన్నులోకి దిగి, ఎటూ పోలేక తొట్టిలో నిలిచినట్టు నిలిచింది. ఊరి మీద ప్రేమతో వేసిన మన్నే దాన్ని ముంచుతోంది. అది నేను చెప్పలేదు. కొన్ని నిజాలు చెప్పి ఏం ప్రయోజనం అనిపించింది. అక్కడే మొదలైందేమో నా పాడుబుద్ధి.

గుంటలో రెండు బిందెల నీళ్లు పోయించాను. ఎంతసేపట్లో ఇంకుతాయో చూడాలి. గుగ్గిలానికి కావలసింది ఎండ, రాళ్లూ ఇసుకా కలిసిన నేల, కాళ్ల కింద నిలవని నీళ్లు. కచ్ వైపు గుట్టల మీద ఎవరూ పట్టించుకోకపోయినా పెరుగుతుంది. బంక కూడా పొడిగాలిలోనే బాగా ఊరుతుంది. ఇవన్నీ చిన్నాయనకు చెప్తుంటే శ్రద్ధగా తలూపుతున్నాడు గానీ కళ్లు మాత్రం గుంటలోనే ఉన్నాయి.

నీళ్లు ఇంకేలోపు గట్టు మీద కూర్చుని జొన్నరొట్టెలు, వంకాయకూర తిన్నాం. చిన్నాయన ఒక ముక్క నోట్లో పెట్టుకోవడం, లేచి గుంటలోకి తొంగి చూడటం.

"జర దిగినట్టే ఉన్నయి బిడ్డా."

"లేదు చిన్నాయనా."

"అంచుకు చూడు. తడి కనవడ్తలేదా?"

"అది నువ్వు పోసినప్పుడు చిమ్మిన తడి."

ఆయన ఒక గడ్డిపోచ తెంపి, నీళ్ల అంచు దగ్గర గోడకు గుచ్చాడు. వచ్చి కూర్చున్నాడు. మళ్లీ లేచాడు. చిన్నమ్మ, "తిన్నంకనన్న కూసోరాదుయ్యా, నువ్వు చూస్తే దిగుతయా?" అని కసిరింది. ఎవరి గుంట దగ్గరైనా నేను గడియారం చూసుకుంటూ దర్జాగా టీ తాగేదాన్ని. ఆ రోజు మాత్రం ఆ నీళ్లు ఎలాగైనా ఇంకిపోవాలని, నేను చదివిందంతా తప్పు కావాలని కూర్చున్నాను.

తిన్నాక ముగ్గురం వెళ్లి చూశాం. గడ్డిపోచ కొస నీళ్లలోనే ఉంది.

"రాదు చిన్నాయనా," అన్నాను. "ఈ నేలలో గుగ్గిలం బతకదు. ఒకటీ అరా బతికినా బంక రాదు."

"మన్ను మారిస్తే?"

"పొలమంతా మారుస్తావా?"

"మోరీ కొట్టి నీళ్లు బయటికి ఎళ్లగొడ్తే?"

"ఎటు పోతాయి? చుట్టూ చెరుకే. పైన కాలువ."

ఆయన గుంట అంచున కూర్చుని, గోడకు గుచ్చిన గడ్డిపోచ పీకి పక్కన పడేశాడు. "అయితే ఇగ సాంచాలే," అన్నాడు. నా ఎదుట ఆయన అరవకుండా మాట్లాడిన మొదటిసారి అదే. ఆ సాంచాల కూలీతో చదివిన చదువుతోనే ఆయన్ని మళ్లీ సాంచాల దగ్గరికి తోలాను. అది తప్పు కాదని నాకు తెలుసు. తెలిసినా సిగ్గేసింది, తలెత్తలేకపోయాను.

అప్పుడు చిన్నమ్మ చెయ్యి కడుక్కుంటోంది. ఊరి నుంచి తెప్పించిన మన్ను ఇంకా కాస్త సంచిలో మిగిలితే గట్టు మీద కుప్పగా పోసి ఉంది. చెంబులో నీళ్లు దాని మీద పడ్డాయి. పడ్డవి పడ్డట్టే మాయమయ్యాయి. చిన్నమ్మ చూసింది. చెంబు వంచి మళ్లీ కాసిని పోసింది. అవీ పోయాయి.

"మన చెలకల నీళ్లు నిలువయి," అంది. దెప్పుతున్నట్టు అనలేదు. ఊరికే అంది.

చిన్నాయన తల తిప్పి ఆ కుప్పను చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"మన చెలకల అయితే వచ్చునా బిడ్డా?"

గుట్ట పక్కన వాలు. రాళ్లు. రోజంతా ఎండ. నీళ్లు నిలవవు. వేసవిలో పొడిగాలి. ల్యాబులో ఎవరైనా ఆ నేల గురించి చెప్పి అడిగి ఉంటే ఆలోచించకుండా పెట్టుకోమనేదాన్ని. చిన్నమ్మ చెంబు పట్టుకొని అలాగే నిలబడింది, నేనేమంటానో అని. ఆ చెలక ఎందుకు పోయిందో ఆ గట్టు మీదున్న ముగ్గురికీ తెలుసు.

"రాదు," అన్నాను. మన్ను మీద అబద్ధం చెప్పడానికి వీల్లేదు, కళ్లముందే నీళ్లు ఇంకాయి. అందుకని, "మన్ను సరిపోతుంది గానీ, అక్కడి గాలి పడదు దీనికి," అన్నాను.

చిన్నాయన ముఖంలో ఏదో ముడి విప్పినట్టయింది. "విన్నవా?" అన్నాడు భార్యతో, మళ్లీ ఎప్పట్లా అరుస్తూ. "గాలి పడదట! ఉన్నా ఫాయిదా లేకుండె. ఇన్నేండ్లు నా పానం తిన్నవ్!"

చిన్నమ్మ "ఊఁ" అంది. రొట్టెల గుడ్డ దులిపి మడత పెట్టుకుంది. ఇన్నేళ్లూ ఆ ఇంట్లో ఆమె దగ్గరున్న ఒకే ఒక్క నిజం అది. దాన్ని ఒక్క మాటతో లాగేసుకున్నాను.

వచ్చేటప్పుడు చిన్నాయన ఆ పండిపోయిన మొక్కను వేళ్లతో సహా తీసి, మిగిలిన ఎర్రమన్నుతో కలిపి నా చేతికిచ్చాడు. "నువ్వయితే బతికిస్తవ్," అన్నాడు.

ఇంటికొచ్చి కుళ్లిన వేళ్లు కత్తిరించి, ఆ మన్నులోనే, అడుగున చిల్లులున్న కుండీలో నాటాను. చచ్చిపోతే పీడా పోతుందనుకున్నాను, నిజం చెప్పాలంటే. చావలేదు. కొత్త ఆకులు పెట్టింది. ముళ్లు గట్టిపడ్డాయి. గోటితో గీకితే చెయ్యంతా ధూపం వాసన. బాల్కనీలోకి వెళ్లినప్పుడల్లా చెలక గుర్తొచ్చేది. చిన్నాయన మనసు కుదుటపడాలనే అలా చెప్పానని నన్ను నేను సముదాయించుకోడానికి చాలా చూశాను. చెల్లలేదు. ఆ క్షణంలో నేను చూసుకున్నది నన్ను. నా చదువు కోసం పోయిన నేలే ఆయన్ని సాంచాల నుంచి తప్పించేదని ఆ గట్టు మీద నా నోటితో అనలేకపోయాను. చిన్నాయన భూమిని పక్క చెరుకు రైతుకు కౌలుకిచ్చి, కాళ్లు వాచినా కార్ఖానాకు పోతూనే ఉన్నాడు. కనిపించిన ప్రతివాడికీ, తోట పెట్టి మునిగిపోకుండా మా బిడ్డ కాపాడిందని చెప్పుకుంటున్నాడు.

మొన్న ఫోన్ చేయకుండానే వచ్చారు. మా వీధిలో చెవుల డాక్టరుకు చూపించుకొని, అటునుంచి అటే భోజనానికి. చిన్నాయన హాల్లో ఫ్యాను కింద కూలబడ్డాడు. నేను వంటింట్లోంచి బాల్కనీలోకి పరుగెత్తేసరికే చిన్నమ్మ తడి తువ్వాలు ఆరేయడానికి అక్కడికి వెళ్లింది. కుండీ ముందు గొంతుక్కూర్చుని ఉంది. ఒక ఆకు నలిపి వాసన చూసింది. తర్వాత మన్ను పిడికిట్లోకి తీసుకుంది.

"మన మన్నే," అంది.

"అవును చిన్నమ్మా."

"గా మొక్కనేనా ఇది?"

తలూపాను.

"ఈడి తేమ గాలికే గిట్ల లేచింది. ఆడ లేవకపోవునా?"

కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "చిన్నమ్మా, నేను ఆ రోజు..." అనబోయాను.

"ఊకో. నాకు ఆడనే ఎరుకైంది. నీకు చిన్నప్పటి సంది అబద్ధమాడ రాదు, చెవులు ఎర్రగయితయి." మన్ను కుండీలోనే జాగ్రత్తగా దులిపి చేతులు తుడుచుకుంది. "గా దినం సంది ఆయన మంచిగ పంటున్నడు. అంతకుముందు నిద్రల గూడ నాకు జవాబు చెప్తుండె. తప్పు జెయ్యలే, తప్పు జెయ్యలే అని. ఇప్పుడు చెప్తలేడు."

"నీకు కోపం రాలేదా నామీద?"

"రాకేం? మస్తు వచ్చింది," అంది. "ఏం జెయ్యాలె దాన్ని?"

హాల్లోంచి చిన్నాయన కేక పెట్టాడు. "ఇద్దరు ఏం జేస్తున్రు ఆడ?"

చిన్నమ్మ లేచి, నేను అందుకునేలోపే కుండీని రెండు చేతులా పట్టి వాషింగ్ మెషీన్ వెనక్కి ఈడ్చింది. నేల మీద పడ్డ ఎర్రమన్ను కాలితో మూలకు తోసింది. "కరివేపాకు తెంపుతున్న!" అని తనూ గట్టిగా అరిచింది.

మా ఇంట్లో కరివేపాకు చెట్టు లేదు.

భోజనాల దగ్గర చిన్నాయన పప్పు కలుపుకొంటూ వేలితో వెతికాడు. "కరివేపాకు ఏదే?"

"పురుగు వట్టింది. పారేసిన."

ఆయన నావైపు తిరిగాడు. డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు ఎవరితోనో ఇదే ముచ్చట చెప్పాడట, సగంలో ఆపిన చోటినుంచి అందుకున్నాడు. "చదువుకున్నోళ్లు మస్తుమంది ఉంటరు బిడ్డా. ఇంటోళ్లని చూడకుంట ఉన్నదున్నట్టు చెప్పెటోళ్లు ఎంతమంది ఉంటరు? నువ్వు రాదన్నవ్, నేను నమ్మిన. చెలక పోయిందన్న రంది గూడ పోయింది నాకు. నా పానం హాయిగ ఉన్నది." భార్యను మోచేత్తో పొడిచాడు. "గంతేనా కాదా?"

"గంతే," అంది చిన్నమ్మ. నా చెవుల వైపు ఒకసారి చూసి, నా పళ్లెంలో ఇంకో రొట్టె వేసి, తినమంది.